పరమాణువు పక్కచూపు

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల మనిషి నిలబడే ఉన్నాడు. ప్రాణం మాత్రం లేదు.

అతని కోటు కాలరుని లిఫ్ట్ గోడకున్న కొక్కేనికి తగిలించి పోయారు. మెడ మీద చీమ కుట్టినంత ఎర్రమచ్చ. చేతిలో ఫోన్ ఇంకా వెచ్చగానే ఉంది. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో అతని పేరు ఏజెంట్ జీలకర్ర.

"ఆఖరి కాల్ నాకే చేశాడు," అన్నాడు పెద్దాయన, ఫొటోలు బల్ల మీద పరుస్తూ. "దిక్సూచి అన్నాడు. పాడు చేస్తారన్నాడు. లోపలి మనిషే అన్నాడు. ఎవరని అడిగేలోపు లైన్ కట్."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ మిరియం టీ కప్పు కింద పెట్టాడు. ఆ డిపార్ట్‌మెంట్‌లో అందరి పేర్లూ పోపుల డబ్బాలోంచి తీసినవే. పెద్దాయన ఒక్కడికే పేరు లేదు. డబ్బాకి మూత ఆయనే.

"అద్దెవాళ్ళ పనేనా సార్?"

"ఇంకెవరు?"

అద్దెవాళ్ళంటే ఓ విదేశీ ముఠా. వాళ్ళు గోడలు దూకరు, తాళాలు పగలగొట్టరు. అవతలి ఇంటి మనిషినే వెతికి, అద్దెకి తీసుకుని, వాడి చేతే వాడి కొంపకి నిప్పు పెట్టిస్తారు. అందుకే ఆ పేరు.

పెద్దాయన గోడ మీది తెర వెలిగించాడు. డ్రమ్ము అంత స్టీలు గుండు, చుట్టూ అద్దాలు, తీగలు.

"నీళ్ళ అడుగున శాటిలైట్ సిగ్నల్ అందదు. సబ్‌మెరైన్‌కి దారి తెలియాలంటే పైకి తేలాలి. తేలితే శత్రువు కంట పడుతుంది. ఈ దిక్సూచి ఉంటే రెండు నెలలైనా తేలనక్కర్లేదు. ఎలాగని నన్నడక్కు. దీని పక్కన కూచుని అన్నం తిన్నవాడివి నువ్వు."

నిజమే. మిరియం ఏబీసీడీల కంటే ముందు నేర్చుకున్న పాఠం అది. గాలి తీసేసిన గుండులోకి కాస్త రుబీడియం అనే లోహం ఆవిరి వదులుతారు. అన్ని వైపుల నుంచీ లేజర్లు కొట్టి, పిచ్చి పరుగు పరుగెత్తే పరమాణువుల్ని దాదాపు కదలకుండా నిలబెడతారు. కదలిక పోతే వేడి పోతుంది. ఆకాశంలో చుక్కల మధ్య ఖాళీ కంటే చల్లగా తయారవుతాయవి. అప్పుడు వాటిని వదిలేస్తారు. పడుతుండగా ఒక లేజర్ దెబ్బ ఒక్కో పరమాణువునీ ఒకేసారి రెండు దారుల్లో పంపుతుంది. మరో దెబ్బ రెండు దారుల్నీ కలుపుతుంది. కలిసిన చోట చారలు పడతాయి. పడవ వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆ చారలు జరుగుతాయి.

"రేపు ఆఖరి కాలిబ్రేషన్. ఏది సూటో దిక్సూచికి నేర్పే కొలత," అన్నాడు పెద్దాయన. "మధ్యాహ్నానికి సీలు. సాయంత్రం పడవ బయల్దేరుతుంది. అందులో ఎనభై మంది. దిక్సూచి తప్పు చెప్పిందంటే సముద్రం అడుగున కొండని గుద్దుకుంటారు, లేదా శత్రువు గుమ్మంలో తేలతారు. ఎటు తిరిగినా శవాలు కూడా దొరకవు."

"నేనెందుకు సార్? నా మీద ఇంకో కేసుందిగా?"

"ల్యాబ్ హెడ్ పట్టుబట్టింది. మా తమ్ముణ్ణి పంపితేనే లోపల అడుగు పెట్టనిస్తానంది."

మిరియం కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాడు.

అక్కంటే అతనికి ఉత్త అక్కే కాదు. అమ్మా నాన్నా ఒకే ప్రమాదంలో పోతే, రీసెర్చ్ చేసుకుంటున్న అక్క అతన్ని చంకనేసుకుని ల్యాబ్‌కి తీసుకెళ్ళేది. లేజర్లు బిగించే ఆప్టికల్ టేబుల్ కింద దుప్పటి పరిచి పడుకోబెట్టేది. పెళ్ళి మాట ఎత్తితే, "నాకు ఒక పిల్లాడున్నాడు, ఇంకెందుకు?" అని నవ్వేది. ఈమధ్యే మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. రోజూ డ్యూటీ దిగగానే మిరియం వెళ్ళి గిన్నెలు కడిగి, అన్నం వండి, కట్టు కట్టిన కాలు కింద దిండు సర్ది వస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే అతను ఏసీ మెకానిక్ అయిపోయాడు. నీలం చొక్కా, నడుముకి పనిముట్ల బెల్టు, అంటించిన మీసం. జేబులో రేడియో సిగ్నల్ పసిగట్టే పెన్ను. చేతికి పేలుడు పదార్థాన్ని వాసన చూసే గడియారం. అతనెవరో గేటు దగ్గరి గార్డుకీ, అక్కకీ, పెద్దాయనకీ తప్ప ఎవరికీ తెలియదు.

ల్యాబ్ నేలమాళిగలో ఉంది, రోడ్డు అదురు తగలకుండా. పై వరండా నుంచి తిన్నని ర్యాంప్ ఒకటి కిందికి దిగి, జంట స్టీలు తలుపుల దగ్గర ఆగుతుంది. లేజర్లు వెలుగుతుండగా ఆ తలుపు తెరుచుకుంటే చాలు, లోపల ఉన్నవాళ్ళ కళ్ళు పోకుండా కరెంటు దానంతటదే ఆగిపోతుంది. అప్పటిదాకా చేసిన పనంతా గంగలో కలిసినట్టే.

ర్యాంప్ మొదట్లో ఒక కాటా ఉంది. లోపలికి వెళ్ళే ప్రతివాడూ దానిమీద నిలబడాలి, బయటికి వచ్చేటప్పుడూ నిలబడాలి. అక్క పెట్టిన నియమం అది. బరువున్న ప్రతిదీ పరమాణువుని తనవైపు లాగుతుంది. మనిషి కూడా లాగుతాడు. అందుకే ఎవరెంత బరువో కంప్యూటర్‌కి చెప్పి, నేల మీద గీసిన పసుపు పాదాల్లోనే నిలబడాలి. ల్యాబ్‌లో కొత్తవాళ్ళు నవ్వుతారు. పాతవాళ్ళు పొద్దున టిఫిన్ ఎక్కువ తిన్నా చెప్పేస్తారు.

అక్క చక్రాల కుర్చీలో వచ్చింది. కట్టు కట్టిన కాలు ముందుకి చాచి ఉంది.

"ఏసీ అబ్బాయ్, బ్యాటరీ అయిపోయింది, కుర్చీ కదలట్లేదు. కాస్త తోస్తావా?" అంది పైకి. అతను వంగగానే గొంతు తగ్గించింది. "మీసం ఎడంపక్క ఊడుతోందిరా, వెధవా."

మిరియానికి నవ్వొచ్చింది. మూతి తుడుచుకుంటున్నట్టు మీసం నొక్కుకున్నాడు.

కాటా మీద కుర్చీ పట్టలేదు. "కుర్చీతో కలిపి నా బరువు నేను చెప్పానులే, ఎక్కించేశారు," అంది అక్క. గార్డు మాత్రం వదల్లేదు. "సీటు కింద పెట్టె తెరవాలి మేడం. రూలు."

అక్క గార్డుని చూడలేదు. తమ్ముణ్ణి చూసింది. మిరియం తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ల్యాబ్‌లో ఆవిడ్నే సోదా చేయడమేంటి, అన్నం పెట్టిన చేతికి సంకెళ్ళేసినట్టు? గార్డు పక్కకి తప్పుకున్నాడు. ఆనవాయితీకి పెన్నూ గడియారమూ దగ్గర పెట్టి చూశాడు మిరియం. రెండూ కిక్కురుమనలేదు.

ర్యాంప్ దిగుతుంటే కుర్చీ అతన్నే లాక్కుపోయింది. మడమలు నేలకి తన్నిపట్టి, వెనక్కి వాలి, చెమటలు కక్కుతూ దించాడు.

"అక్కా, బాగా బరువెక్కావే."

"బ్యాటరీ కుర్చీరా, బరువుండదూ? పైగా రోజూ నువ్వు వండి పెడుతున్నావాయె."

లోపల కంప్యూటర్ ముందు అక్క శిష్యుడు కూర్చున్నాడు. సోడాబుడ్డి కళ్ళద్దాల వల్ల అందరూ కళ్ళజోడనే పిలుస్తారు. అతను చెప్పిన చోట, స్టీలు గుండుకి కుడిపక్కన, జానెడు దూరంలో కుర్చీ ఆపాడు మిరియం. ఆఖరి కొలతప్పుడు అక్క కూర్చునే చోటు ఎప్పుడూ అదే.

అప్పుడే లేజర్లు సరిచేయడానికి కంపెనీ లారీలో ఇంజినీరొచ్చింది. ఆవిడ నడిచొస్తుంటే కళ్ళజోడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నల్లకోటు, కత్తిరించిన జుట్టు, ఎవరి రహస్యమో తెలిసినట్టుండే నవ్వు. ఆమె అద్దెవాళ్ళ మనిషి. రెండేళ్ళ కిందట పెద్దాయన ఆమెని మన వైపు తిప్పాడు. డబ్బాలో పేరు ఏలకి. పూర్తిగా తిరిగిందో లేదో దేవుడికే తెలియాలి.

"బయట వానా?" అంది మిరియంతో.

"గొడుగు ఎండకి తెచ్చాను," అన్నాడు అతను. కోడ్ కలిసింది.

ఆ పొద్దంతా మిరియం ఆమె మీదే కన్నేసి ఉంచాడు. ఏ అద్దం ముట్టుకుంది, ఏ మర తిప్పింది, అన్నీ చూశాడు. కొలత మొదలవబోతుండగా ఆమె బయటికొచ్చింది. వెనకే అతనూ వచ్చి, ఏసీ పెట్టె విప్పుతున్నట్టు నటిస్తూ నిలదీశాడు.

"ఏం చేశావు లోపల?"

"ఏమీ చేయలేదు."

"అద్దెవాళ్ళు నిన్నెందుకు పంపారు మరి?"

ఏలకి గోడకి ఆనుకుంది. నవ్వు లేదు ఈసారి. "నాకు చెప్పిన పని ఒక్కటే. ఏసీవాడి కళ్ళు నీ మీద ఉండాలి, అంతేనన్నారు. నీ మీసం రంగు కూడా వాళ్ళే చెప్పారు. నిన్న జీలకర్ర నాతో మాట్లాడాకే లిఫ్ట్ ఎక్కాడు. అందుకే చెబుతున్నా. నన్ను చూడ్డం మానెయ్. నేను ఉత్త బొమ్మని."

మిరియం చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. మీసం సంగతి ముందే తెలిసినవాళ్ళు ఇద్దరే. గార్డుకి సైతం పొద్దునే తెలిసింది. ఇద్దరిలో ఒకరు అక్క. కాబట్టి రెండోవారే. అతనికి ఒక్క క్షణం కూడా పట్టలేదు ఆ లెక్క తేలడానికి. జీలకర్ర ఆఖరి కాల్ వెళ్ళింది ఎవరికి? ఆ కాల్‌లో ఏముందో చెప్పింది ఎవరు? పదిహేనేళ్ళు కొడుకులా చూసిన మనిషి! ఆయన మాట వినడానికి చెవిలో పెట్టుకున్న రేడియో పీకి బూటు కింద నలిపేశాడు.

"నిన్ను తెచ్చిన లారీ డ్రైవర్ మీద ఓ కన్నెయ్," అన్నాడు ఏలకితో. "పెద్దాయనకి మాత్రం ఏమీ చెప్పకు."

కొలత ముగిసింది. మిరియం, కళ్ళజోడు చెరో పక్కా పట్టి, రొప్పుతూ కుర్చీని ర్యాంప్ పైకి లాగారు. కళ్ళజోడు సీలు వేయడానికి మళ్ళీ కిందికి పోయాడు. కొలతలన్నీ దిక్సూచి జ్ఞాపకంలోకి ఎక్కించడమే సీలు. అది జరుగుతున్నంతసేపూ తలుపుకి అక్క వేలిముద్రకే తెరుచుకునే మాగ్నెటిక్ తాళం. లోపల లేజర్లు వెలుగుతూనే ఉంటాయి, ఫోన్లు బంద్. ర్యాంప్ పైన గోడకి ఓ ఎర్రదీపం, కింద చుక్కల వరస. చుక్కలన్నీ నిండి దీపం పచ్చబడితే, ఆ సీలు ఇంక బ్రహ్మదేవుడు కూడా విప్పలేడు.

ర్యాంప్ ఎదురుగా టీ గది. మిరియం అక్కని ఎత్తి సోఫాలో కూర్చోబెట్టి, కప్పు అందించి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అక్కా, లోపలి మనిషి ఎవరో తెలిసిపోయింది. పెద్దాయనే."

అక్క కప్పు పెదవుల దగ్గరే ఆగింది. తర్వాత మెల్లగా అతని తల నిమిరింది.

"నాకూ అనుమానంగానే ఉందిరా చిన్నోడా. నువ్వు బాధపడతావని చెప్పలేదు. సీలు అయ్యేదాకా ఇక్కడే కూచో. తర్వాత ఏం చేయాలో ఇద్దరం ఆలోచిద్దాం."

ఆ చెయ్యి తల మీదుంటే చాలు, అతనికి ఏడేళ్ళ వయసు వచ్చేస్తుంది. కళ్ళు తుడుచుకుని లేచాడు. లోకంలో తన మనిషంటూ ఒకరున్నారు, ఆమెకి ఏదైనా చేయాలనిపించింది. ర్యాంప్ మొదట్లో ఆపిన కుర్చీ కనపడింది.

"ఈలోపు నీ బ్యాటరీకి ఛార్జింగ్ పెడతాలే. ఇంటికెళ్ళేటప్పుడు కష్టపడక్కర్లేదు."

"వద్దురా. వదిలెయ్." గొంతు కాస్త గట్టిగా వచ్చింది. "ఇలా వచ్చి కూచో."

అప్పటికే అతను సీటు కింద పెట్టె మూత ఎత్తాడు.

లోపల బ్యాటరీ లేదు. బూడిదరంగు దిమ్మలు, ఒకదాని మీద ఒకటి, చిన్న పుస్తకాలు పేర్చినట్టున్నాయి. ఒకటి పట్టుకున్నాడు. రెండు చేతులా లాగితే గానీ లేవలేదు. ఆ చల్లదనం, ఆ బరువు అతనికి తెలుసు. చిన్నప్పుడు ఆప్టికల్ టేబుల్ కింద ఆడుకోవడానికి అక్క ఇచ్చిన మొదటి బొమ్మ అదే. "టంగ్‌స్టన్ అంటార్రా దీన్ని. ఇనుము దీని ముందు దూది," అని చెప్పింది.

అప్పుడర్థమైంది. పొద్దంతా ఈ దిమ్మలు గుండు పక్కన కూర్చుని పరమాణువుల్ని తమవైపు లాగాయి. కంప్యూటర్‌కి వాటి సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ పక్కచూపునే సూటిచూపు అనుకుని దిక్సూచి నేర్చేసుకుంది. సముద్రంలో ఈ దిమ్మలుండవు. నేర్చుకున్న తప్పు మాత్రం ఉంటుంది. మొదట వెంట్రుకంత, రోజులు గడిచేకొద్దీ మైళ్ళకి మైళ్ళు. పెన్నూ గడియారమూ పట్టుకోలేదంటే వాటి తప్పా? బరువుకి తీగలుండవు, వాసనుండదు. గుండు దగ్గరికి దాన్ని తోసుకుపోయింది స్వయంగా ఏజెంట్ మిరియమే.

వెనక్కి తిరిగి టీ గదిలోకి వచ్చాడు. అక్క కప్పు కింద పెట్టింది.

"ఎందుకక్కా?"

"అరవకు. కూచో, చెబుతా." ఆమె గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. "ఆ యంత్రం నేను పడవల కోసం కట్టానా? భూమి ఆకర్షణని ఎవరూ కొలవనంత సూక్ష్మంగా కొలుద్దామని కట్టాను. మీవాళ్ళొచ్చి తాళం వేశారు. ఒక్క పేపర్ అచ్చేసుకోనివ్వలేదు. నా పేరు ఎవడికి తెలుసురా ఇవాళ? అవతలివాళ్ళు నాకో టవర్ కట్టిస్తామన్నారు. పరమాణువులు నూరు మీటర్లు పడేంత టవర్."

"ఎనభై మందక్కా."

"టెస్టులో ఫెయిలవుతుంది, వెనక్కి పంపేస్తారు అన్నారు."

"ఇంకో టెస్టు లేదు. సాయంత్రమే పడవెక్కుతోంది. ఆ తేదీ వేసిన కాగితం మీద సంతకం నీదే."

అక్క కప్పుని వేలితో పక్కకి జరిపింది.

"లిఫ్ట్‌లో చచ్చినవాడికి, అమ్మా నాన్నా పోయినప్పటి నా అంత కొడుకున్నాడు. అదీ తెలియదా?"

"ఆ సంగతి నాకు తెలియదురా. ఒట్టు."

"నన్నెందుకు పిలిపించావు?"

ఈ ఒక్కదానికి మాత్రం ఆమె కళ్ళు దించుకుంది.

"ఎవరొచ్చినా కుర్చీ వెతుకుతారు. నువ్వు వెతకవు."

మిరియాన్ని ఇన్నేళ్ళలో రెండుసార్లు కాల్చారు, ఒకసారి పొడిచారు. వాటిలో ఏదీ ఇంత లోతుకి దిగలేదు. ప్రేమని నమ్మి తల ఊపాడే, ఆ ఊపునే లెక్కేసుకుని ప్లాన్ గీసింది. పెద్దాయన పేరు తను అనగానే తల నిమిరిందే, అది కూడా అందులో భాగమే.

"తాళం తియ్యక్కా. నీ వేలిముద్ర పెట్టు."

"పెడతా. ముందు నే చెప్పేది పూర్తిగా విను. చిన్నప్పుడు నీకు జ్వరమొచ్చినప్పుడు..."

మాట్లాడుతూనే ఆమె కళ్ళు ఒక్కసారి గోడ మీదికి పోయి వచ్చాయి. మిరియం కూడా చూశాడు. ఎర్రదీపం. కింద ఒక్క చుక్కే మిగిలింది. జ్వరం కథ చెప్పేది అతని కోసం కాదు, ఆ చుక్క కోసం.

అతను ఇంకేమీ అనలేదు. ఒక్క గెంతున వరండాలోకి వచ్చి, దిమ్మల పెట్టె మూత కాలితో మూసి, కుర్చీ బ్రేకు తన్నాడు.

బరువంతా కట్టగట్టుకుని కుర్చీ ర్యాంప్ మీద దౌడు తీసింది.

"చిన్నోడా! వద్దురా!"

అక్క పరుగెత్తుకొచ్చింది. రెండు కాళ్ళ మీద. కట్టు కట్టిన కాలు, కట్టు లేని కాలు రెండూ సమానంగా నేల మీద పడుతూ, అతన్ని తోసుకుని ర్యాంప్ సగం దాకా పరుగెత్తింది. మిరియం ఆ కాలి వంకే చూస్తూ ఉండిపోయాడు. దాని కింద తను ఎన్ని దిండ్లు సర్దాడో గుర్తొచ్చింది.

ధన్‌మంటూ మోగింది. జంట తలుపులు అయస్కాంతం పట్టు వదిలి బార్లా తెరుచుకున్నాయి. లోపల ఎర్రని లేజర్ వెలుగు టక్కున ఆరిపోయింది. పట్టు తప్పిన పరమాణువులు ఎటు పోయాయో ఎవరూ చూడలేదు. కళ్ళజోడు బల్ల కిందినుంచి తల బయటపెట్టి, "ఒక్క సెకనుంటే అయిపోయేది కదండీ!" అని ఏడుపు గొంతుతో అరిచాడు.

"అందుకే," అన్నాడు మిరియం.

పెద్దాయన వచ్చేసరికి ఏలకి లారీ డ్రైవర్‌ని అతని సీటు బెల్టుతోనే కట్టి పడేసింది. మెడ మీద చీమకాటు పెట్టే సూది వాడి చొక్కా చేతి మడతలో దొరికింది. పడవ ప్రయాణం మర్నాటికి మారింది. కళ్ళజోడు దిమ్మలన్నీ ఆవలికి మోయించి, కాలిబ్రేషన్ మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.

"నన్ను అనుమానించావట," అన్నాడు పెద్దాయన.

"అవును సార్."

"మంచి పని చేశావు. మనిషన్నాక అందర్నీ అనుమానించాలి."

"ఒకరిని వదిలేశాను సార్."

పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో మానుకున్నాడు.

అక్కని తీసుకెళ్తున్నారు. జీపు ఎక్కబోతూ ఆగి, గార్డుతో అంది. "వాడు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. కాస్త చూడండి."

అది నటనైతే బాగుండునని మిరియం గట్టిగా కోరుకున్నాడు. కాదని అతనికి తెలుసు. అదే భరించలేకపోయాడు. జీపు మలుపు తిరిగేదాకా అటు చూడలేదు.

బయటికి పోతుంటే గార్డు అడ్డం వచ్చాడు. "సార్, కాటా. బయటికెళ్ళేటప్పుడు కూడా ఎక్కాలి. మేడం గారి రూలు."

మీసం పీకి జేబులో పెట్టుకుని ఎక్కాడు. ముల్లు ఊగి ఆగింది. గార్డు వంగి చూసి, పొద్దుటి అంకెతో సరిపోల్చుకున్నాడు.

"పొద్దున ఎంతో ఇప్పుడూ అంతే సార్. ఏమీ తేడా లేదు."

మిరియం కాటా దిగాడు.

"మీ కాటా పాడైంది," అన్నాడు. "బాగు చేయించండి."